రాస్తారోకోకు ఆగిన వాన

భూపాలపల్లి,
16 సెప్టెంబరు 2011

చెల్లె సౌందర్యకు,

మొన్న ఫోను మధ్యలో పెట్టేశావు. ఎన్నో ఏళ్లుగా ఇదే తంతు. నేను నాలుగు మాటలు గట్టిగా మాట్లాడగానే నీకు సిగ్నల్ పోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో తెంపలేవు. చించాలనిపించినా ఆఖరు దాకా చదివే చించుతావు, నీ సంగతి నాకు తెలుసు.

సమ్మె మొదలైంది. నువ్వు ఇక్కడుండి చూడవలసింది. బాయి నుంచి బొగ్గు పెళ్ల బయటికి రావడం లేదు. లారీలు వరసగా నిలబడిపోయాయి. ఈ ఊరికి వచ్చాక మొదటిసారి మీ వదిన ఆరేసిన బట్టలు ఆరేసిన రంగులోనే ఇంట్లోకి వచ్చాయి. టీచర్లు, గుమాస్తాలు, మేము, అందరం ఒకే గుడారం కింద కూర్చుంటున్నాం. పొద్దున ఒక అధికారి వచ్చి "దేశానికి కరెంటు ఎట్లయ్యా?" అని అడిగాడు. "మా తండాకు లేనప్పుడు అడగకపోతివి గద సారూ" అన్నాను. జనం ఈలలు.

తండాకు కూడా సమ్మె రావాలి. రోడ్డు తవ్వి బండ్లు ఆపమని పూల్‌సింగ్ కాకాకు కబురు పెట్టాను. నువ్వు దగ్గరుండి చేయించు.

కంది ఎండుతోందని ఏడ్చావు. ఎండకేం చేస్తుంది? కాటారం దాటి కాస్త పోతే గోదావరి. నిండుగా పోతోంది, మనల్ని ఒక్క మాట అడగకుండా. రాష్ట్రం రానీ, అప్పుడు చూద్దువు నీ కంది సంగతి. అన్నట్టు, గుట్ట మీది నా వాటా చెల్కలో ఏమీ వేయకు. దానితో పనుంది, తర్వాత చెబుతాను.

యాడి మోకాళ్లు ఎలా ఉన్నాయి? అమ్మా అంటే పలకదు కదా, యాడీ అనే అడిగానని చెప్పు.

మీ అన్న,
బలరాం


గుట్టకింది తండా, పాలకుర్తి దగ్గర,
24 సెప్టెంబరు

బలరామన్నకు,

ఉత్తరం చివరిదాకా చదివాను. చించలేదు. వాన లేక ఎండిన కట్టెలు దండిగా ఉన్నాయి కాబట్టి పొయ్యిలో కూడా పెట్టలేదు.

నీ ఆజ్ఞ ప్రకారం రోడ్డు తవ్వాం. మన చేను మలుపు దగ్గర, బాటకు అడ్డంగా, నడుము లోతు. తండా తండా అంతా జెండాలతో వచ్చింది. నినాదాలయ్యాక అందరం గట్టు మీద కూర్చుని ఆపడానికి బండ్ల కోసం ఎదురుచూశాం. మన తండాకు బస్సెప్పుడు వచ్చిందన్నా? ఒక్క ఆటో కూడా రాలేదు. ఆఖరికి మా కందకం ఆపింది ఎవరినంటే, మర్నాడు చీకట్లో పాల క్యాన్లతో బండి మీద వచ్చిన పూల్‌సింగ్ కాకాను.

"తవ్వుమన్నది నువ్వే గద కాకా" అన్నాను, లేపుతూ.

"తవ్వుమన్న గని, నా బండికి చెప్పలేదే బిడ్డా."

ఇది నవ్వుకోవడానికి. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

సోమవారం సాయంత్రం వాన పడింది. పెద్దదేం కాదు, చాయ్ కాగేంత సేపు. నేను చేలోనే ఉన్నాను. మన బాటను ఎప్పుడైనా వానలో చూశావా? అది బాట కాదన్నా, వాగు. గుట్ట మీది నీ చెల్క నున్నగా బోడిగా ఉంది కదా, అక్కడ పడ్డ ప్రతి చుక్కా జారి బాటలోకి దిగుతుంది. బాట దాన్ని ఎర్రగా, మన మట్టితో సహా, తిన్నగా కింది కుంటలో పడేస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. వాన పడిందని సంబరపడి తలెత్తేసరికి వాన కుంటలో ఉంటుంది.

ఈసారి మన కందకం అడ్డొచ్చింది. నీళ్లు వచ్చాయి, కందకంలో పడ్డాయి, నిండాయి, పోవడానికి దారి లేక మెల్లగా మన చేలోకి తిరిగి కంది సాళ్లలో నిలబడ్డాయి. పరుగెత్తలేదు అన్నా, నిలబడ్డాయి. మూడో రోజుకు ఆ నీళ్లు నిలిచిన పట్టీలో కంది ఆకు లేచింది. మిగతా చేను అట్లే వాడి వేలాడుతోంది. ఒకే విత్తనం, ఒకే వాన, ఒకే చేను.

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు, సంతోషంతో. మేస్త్రీల దగ్గర గోడల మట్టం చూడడానికి నీళ్లు నింపే పైపు ఉంటుంది కదా, అది తెచ్చాను. ఒక కొస యాడి పట్టుకుంది, ఒక కొస నేను. రెండు కొసల్లో నీళ్లు ఒకే ఎత్తున నిలిచిన చోటల్లా ఒక రాయి పెట్టుకుంటూ పోయాం.

"గిట్ల పెట్టుకుంట పోతె ఏమైతది?" అంది యాడి.

"ఈ రాళ్లెంబడి కందకం తవ్వి గట్టు పోస్తే వాన జారదు. గాడనే కూసుంటది."

"మీ నాయినే ఒక్కతాన కూసోకపోతుండె. వాన కూసుంటదా?"

రాళ్ల వరస చూస్తే పాము పోయినట్టు వంకరగా ఉంది, కానీ మట్టంగా ఉంది. అది నీ చెల్కను సరిగ్గా మధ్యకు చీల్చి, నా చేను అంచున తిరిగి, పూల్‌సింగ్ కాకా చెల్క మూలలోంచి పోతుంది. పైన నీ చెల్కలో మొదలుపెట్టకపోతే కింద ఎంత తవ్వినా గట్టు తెగుతుంది. అందుకే అడుగుతున్నాను. నీ చెల్కలో తవ్వనీయి. ఇంకొక్క వాన నిలబడితే కంది బతుకుతుంది. లేకపోతే ఏం చేయాలో నీకు తెలుసు.

నీ చెల్లె,
సౌందర్య


భూపాలపల్లి,
29 సెప్టెంబరు

సౌందర్యా,

రాష్ట్రమంతా రోడ్డెక్కిన వేళ నా చెల్లెలు రాస్తారోకోను ఉపాధి పనిగా మార్చేసింది. శిబిరంలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు, పరువు పోతుందని.

కోపం తెచ్చుకోకుండా విను. ఇంకుడు గుంత తవ్వుకో, వాన చుక్కను ఒడిసి పట్టుకో, మట్టిని కాపాడుకో అని మనకు ఎవరు చెబుతున్నారు? ఎప్పుడు చెబుతున్నారు? కాలువల కింద మూడు కార్లు పండించుకునే వాడికి ఎవడైనా చుక్క గురించి పాఠం చెప్పాడా? వాడికి నది, మనకు నీతి. వాడికి ప్రాజెక్టు, మనకు పార. గుంతలు తవ్వుకుంటూ తలొంచుకుని ఉంటే మనం తలెత్తి నది వైపు చూడమని వాళ్ల ధీమా. నువ్వు ఆ ఉచ్చులో సంతోషంగా, పైపు పట్టుకుని మరీ, నడుస్తున్నావు.

ఇక చెల్క సంగతి. చెప్పక తప్పడం లేదు. గుట్ట మీది నా వాటాను అమరుల స్థూపానికి ఇస్తానని పాలకుర్తి సభలో మాట ఇచ్చాను. వేదిక మీద, మైకులో. అక్కడ కడితే రోడ్డు మీది నుంచి కనిపిస్తుంది. సభలకు మైదానం కూడా కావాలి కాబట్టి దసరా వెళ్లగానే మిషన్ పెట్టి చెల్క మొత్తం చదును చేస్తారు. నీకు ముందే చెబుదామనుకున్నాను. నువ్వు ఒప్పుకోవని తెలిసి చెప్పలేదు.

మన పిల్లలు ప్రాణాలిచ్చారు. వాళ్లకు ఒక గుట్ట ఇవ్వలేమా? నాలుగు కంది సాళ్ల కోసం ఆ మాట వెనక్కి తీసుకోమంటావా? నేను తీసుకోను.

బలరాం


గుట్టకింది తండా,
4 అక్టోబరు

అన్నకు,

ఈసారి చించుదామనుకున్నాను. యాడి లాక్కుని పెట్టెలో పెట్టింది. "ఆడు రాసింది నాకు చదువరాదు గని, కాయిదం మంచిగున్నది" అంది.

చదును చేస్తారా? గుట్ట మీద ఉన్న నాలుగు గడ్డి మొలకలు, ఆ తుప్పలు, వాటినీ గీకి నున్నటి మైదానం చేస్తారా? అప్పుడు వాన పడితే ఏమవుతుందో చెప్పనా? తాటాకు మీద నీళ్లు పోసినట్టు మొత్తం మా మీదికి వస్తుంది. నా చేను ఉండదు. పూల్‌సింగ్ కాకాది ఉండదు. దిగువన ఉన్న ఆరు ఇండ్ల వాళ్ల చెల్కలు మొరం తేలతాయి. అమరుల పేరు మీద సభ పెట్టుకుంటారు, ఆ సభకు రావడానికి తండాలో మనిషి ఉండడు.

ఎందుకుండడంటే, నిన్న మేస్త్రీ వచ్చి పోయాడు. కార్తీకం వెళ్లగానే గుంటూరు దిక్కు లారీ, పత్తి ఏరడానికి. పేరు రాయించుకోమన్నాడు. మా ఆయన బీక్యా ఆటో నడుపుకుంటూ మానుకోటలోనే ఉంటానన్నాడు, రాయించుకోవలసింది నేనే. కంది పోతే లారీ ఎక్కుతాను. ఎవరి చేలల్లో ఏరతానో తెలుసా? పొద్దున లేస్తే నువ్వు మైకులో ఎవరిని తిడతావో వాళ్ల చేలల్లో. నా మొగుడికి రాని కోపం నీకు రావాలి, రాదేమన్నా?

నదిని అడగొద్దని నేను ఎప్పుడన్నాను? అడుగు, కొట్లాడు, నేనూ వస్తాను. కానీ నది వచ్చినా మన గుట్ట ఎక్కదు. ఏ రాష్ట్రంలోనైనా నీళ్లు పల్లానికే పోతాయి. మనది చెల్క, మిట్ట. మన మీద పడే వాన ఒక్కటే ఎవరూ వాటాలు వేయని నీరు. అందులో మన వాటా ఎంత అని ఏ మంత్రినీ అడగనక్కరలేదు. మొత్తం మనదే. దాన్ని వదిలేసి, మన మట్టిని దాంతో పాటు సాగనంపి, తర్వాత మనమూ వెనకే పోతున్నాం. ముందు మట్టి వలస పోతుంది, తర్వాత మనిషి. ఈ మాట మైకులో చెప్పు, చప్పట్లు కొడతారో లేదో చూడు.

ఇంకో సంగతి. పూల్‌సింగ్ కాకా కూడా నీలాగే అన్నాడు. రాళ్లు చూపిస్తే ఎగిరిపడ్డాడు.

"గట్టంటె హద్దు మీద పోస్తరు. నా చెల్క నడుమకెల్లి ఎట్ల పోతది? మా తాత గిట్ల పోసిండా?"

"కాకా, వాన నీ హద్దు చూసి నడుస్తదా?"

"నడవకపాయె. నడవనీ. మూల ముక్క అటుపడితె రేపు నీ కొడుకు నాదంటడు."

చూశావా, ఇద్దరికిద్దరు. ఒకడికి హద్దు, ఒకడికి స్థూపం. వాన వెళ్లిపోతోంది మధ్యలోంచి.

రోడ్ల మీద వంటావార్పు చేస్తున్నారు కదా. జనం కూడి, అక్కడే వండుకుని తిని, రోడ్డు ఆపుతున్నారు. ఆ పొయ్యి తెచ్చి గుట్ట మీద పెట్టండి. బాయి పని చేసే చేతులు అన్నీ ఖాళీగా గుడారం కింద కూర్చున్నాయి. ఒక్క రోజు. మిగతా రోజులన్నీ నీ ఇష్టం.

సౌందర్య


భూపాలపల్లి,
8 అక్టోబరు

చెల్లె,

వస్తున్నాం.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. ఎక్కడ కూర్చున్నా "ముందు మట్టి వలస పోతుంది" అన్న మాటే. నిన్న శిబిరంలో నా వంతు వచ్చింది. నా ప్రసంగం పక్కన పెట్టి నీ ఉత్తరం చదివాను. నన్ను తిట్టిన చోట బాగా నవ్వారు. ఆ మాట దగ్గర ఎవరూ నవ్వలేదు. ఇక్కడ సగం మంది చెల్కలు వదిలి బాయిలోకి దిగినవాళ్లే. ముప్పై మంది లేచారు. జీపులు మాట్లాడాం, గడ్డపారలు మావే.

స్థూపం కమిటీకి ఫోన్ చేశాను. నాకు చప్పట్లు కొట్టినవాళ్లే ద్రోహి అన్నారు. "చెల్లెలి కంది కోసం అమరుల్ని అమ్ముకున్నవా?" అన్నారు. వాళ్లను తిట్టాను, చాలాసేపు. స్థూపం పాలకుర్తి చౌరస్తాలో కట్టండి, మొదటి ఇటుక నేనే మోస్తాను, గుట్టను మాత్రం ముట్టనీయను అన్నాను. ఇక నాకు ఆ వేదిక లేదు. పోనీ.

ఇవన్నీ ఒప్పుకున్నంత మాత్రాన నీ వాదం గెలిచిందనుకోకు. పేదవాడికి పార, ఉన్నవాడికి ప్రాజెక్టు అన్న నా మాట అక్షరం తప్పు కాదు. దాన్ని ఇంకా ఘాటుగా రాస్తాను. కాకపోతే పార పట్టుకుని రాస్తాను.

ఒక్క షరతు. నీ రాళ్ల వరస బాగుంది గానీ మత్తడి రాయలేదు. బాయిలో నేను నేర్చుకున్నది ఒకటే. నీటికి పోయే దారి నువ్వు చూపించకపోతే అదే చూసుకుంటుంది, అది నీకు నచ్చే చోట ఉండదు. గట్టు కొసన రాళ్లు పేర్చి మత్తడి పెట్టాలి, ఎక్కువైన నీళ్లు మెల్లగా దిగడానికి. దీని మీద వాదన లేదు.

పూల్‌సింగ్ కాకాను నాకు వదిలేయి.

బలరాం


గుట్టకింది తండా,
15 అక్టోబరు

అన్నకు,

పూల్‌సింగ్ కాకాను నీకు వదిలేసి తప్పు చేశాను.

నువ్వు పొద్దుగూకగానే జీపెక్కి పోయావు, ఎలా తెలుస్తుంది. ఆ రోజు సంగతి మళ్లీ రాయను, కళ్లతో చూశావు. గుట్ట పొడవునా జనం, నడుమ పెద్ద పొయ్యి, యాడి గంటె పట్టుకుని "తినకముందు తవ్వుండ్రి, తిన్నంక పండుకుంటరు" అని బొగ్గుబాయి మనుషుల్ని గదమాయించడం. మీవాళ్ల చేతుల్లో గడ్డపార అంత తేలికగా లేస్తుందని నాకు తెలియదు. నీ చెల్క, నా అంచు మధ్యాహ్నానికే అయిపోయాయి.

కాకా దగ్గరే కదా ఆగింది. తన మూలలో మంచం వేసుకుని పడుకున్నాడు. నువ్వు ఆయనకు రాష్ట్రం గురించి చెప్పావు, సోషలిజం గురించి చెప్పావు. ఆయన "అన్ని మంచిగనే ఉన్నయి, మంచం మాత్రం లేవది" అన్నాడు. ఆఖరికి నీకు విసుగొచ్చి "సరే, ఆయన హద్దు మీదనే పోయండి" అని అరిచావు. రాళ్ల వరస వదిలి హద్దు వెంట తిన్నగా గట్టు పోశారు. పైపు పట్టి చూస్తే అక్కడ గట్టు మూరెడు దిగిపోయింది, నీకు చెబితే "పొద్దుపోయింది" అన్నావు.

మంగళవారం వాన వచ్చింది. ఇది చాయ్ కాగే వాన కాదు. నేను, యాడి గోనెసంచులు కప్పుకుని గుట్టెక్కాం. పైన కందకం నిండుతోంది. అన్నా, ఎలా చెప్పను, గుట్ట మీద నీళ్లు నిలబడడం నేను పుట్టాక చూడలేదు. పొడవునా, వంకరగా, నిశ్చలంగా. యాడి వంగి వేలు పెట్టి చూసింది. "కూసున్నదే" అంది. అంతే.

నీ మత్తడి దగ్గరికి నీళ్లు చేరనే లేదు. అటు చివర కాకా హద్దు పల్లంలో ఉంది కదా, నీళ్లన్నీ అటే నడిచాయి. హద్దు గట్టు ఎంతసేపు ఆగుతుంది? తెగింది. తెగిన చోట పక్కనున్న గట్టు కూడా ఊగుతుంటే నేను అరుస్తూ పరుగెత్తాను. ఎవరు వచ్చారనుకున్నావు? కాకా. మంచం నెత్తిన పెట్టుకుని వచ్చాడు, వానకు గొడుగులాగా. మంచాన్ని గండికి అడ్డంగా పడేసి, దాని మీద కూర్చున్నాడు.

"ఏం చూస్తున్నవే, మట్టి పొయ్యి."

ఇంటింటి నుంచి ఆడవాళ్లు గంపలతో వచ్చారు. గుండ్లు వేశాం, మొరం వేశాం, కాకా చుట్టూ పోశాం. ఆయన లేవలేదు. వాన వెలిసేదాకా అలాగే ఉన్నాడు, నడుము దాకా బురదలో. ఆయన మూల చెల్క సగం కొట్టుకుపోయింది. మాది నిలబడింది. దిగువ ఆరిండ్లవీ నిలబడ్డాయి.

పొద్దున పైపు ఆయనే తెచ్చాడు. "నీ రాళ్లు యాడున్నయో సూపియ్యి" అన్నాడు. చూపించాను. తనే తవ్వుకుంటున్నాడు ఇప్పుడు, చెల్క నడుమ నుంచి. హద్దు మాట ఎత్తితే ఉరిమి చూస్తున్నాడు.

నువ్వు అరవకుండా ఉంటే ఆయన మూల కూడా మిగిలేది. ఇది నిన్ను తిట్టడానికి రాయలేదు. తిట్టడానికే రాశాను.

సౌందర్య


భూపాలపల్లి,
20 అక్టోబరు

చెల్లె,

తిట్లు అందాయి. న్యాయమైనవి. కాకాకు నేను స్వయంగా వచ్చి చెప్పుకుంటాను.

ఇక్కడ బాయి మొదలైంది. మేము మళ్లీ దిగాం. సమ్మె ఎలా ముగిసిందో పేపర్లో చూసే ఉంటావు. గుడారం విప్పుతుంటే ఒక్కొక్కడి మొహం చూడలేకపోయాను. మొదటి షిఫ్టు దిగేటప్పుడు లిఫ్టులో ఒకడు అడిగాడు, "అన్నా, మీ గుట్ట మీద నీళ్లింకినయా?" అని. ఇంకినయి అన్నాను. "మా ఊర్ల గూడ ఒక గుట్టున్నది" అన్నాడు. ఇంకొకడు, మాదీ ఉంది అన్నాడు. కిందికి దిగేలోపు ఎనిమిది గుట్టలు లెక్క తేలాయి, ఆదివారాలు పంచుకోవడం కూడా మొదలైంది. నేను పొద్దున నుంచి నోరు తెరవని మనిషిని, ఆ చీకట్లో ఒకటే వాగుడు. మత్తడి గురించి.

కరపత్రం రాస్తున్నాను. నదిలో వాటా, గుట్ట మీద గట్టు, రెండూ ఒకే డిమాండు. ఒకటి ఇచ్చి రెండోది మరిచిపొమ్మంటే ఊరుకునేది లేదు, రేపు మన సొంత సర్కారు వచ్చినా సరే. ముఖ్యంగా అప్పుడే.

లారీ ఎప్పుడు? పేరు రాయించావా? ఆ ఒక్క మాట రాయి. ఆ మాట కోసం చూస్తున్నాను.

బలరాం


గుట్టకింది తండా,
27 నవంబరు

అన్నకు,

ఆలస్యమైంది. లారీ పోయాక రాద్దామని ఆగాను.

నిన్న పొద్దున వచ్చింది. మలుపు దగ్గర ఆపి హారన్ కొట్టాడు. అవతలి గుట్ట కింది వాళ్లు ఎక్కారు, మూటలతో, పొయ్యిరాళ్లతో. కమలాబాయి ఎక్కింది, పిల్లను చంకనేసుకుని. వాళ్ల వైపు రాళ్ల గీత లేదు, గట్టు లేదు, కంది లేదు. నేను దగ్గరికి పోతే మొహం తిప్పుకుంది. "మీ దిక్కు పైపు పట్టినవు, మా దిక్కు ఎందుకు పట్టలేదే అక్కా?" అంది. నిజంగానే పట్టలేదు.

మేస్త్రీ కాగితం చూసి నా పేరు పిలిచాడు. రాయించాను అన్నా, మేస్త్రీ వచ్చిన రోజే. నీకు చెప్పలేదు, నువ్వు చెల్క సంగతి చెప్పనట్టే.

"ఏమక్కా, ఎక్కవా?"

"ఎక్క. కొట్టెయ్యి."

మా వైపు ఆరిండ్ల వాళ్ల పేర్లూ కొట్టేయించాం. మేస్త్రీ గొణుక్కుంటూ కొట్టేశాడు. లారీ కదిలింది. కమలాబాయి పిల్ల చేయి ఊపుతోంది. ఏడుద్దామని గట్టు మీద కూర్చున్నాను. కాకా వచ్చి నా ముందు పైపు పడేశాడు.

"లెవ్వు. ఆళ్లొచ్చేటాలకు అవుతలి గుట్టకు గీత వడాలె. ఒక కొస నువ్వు వట్టు."

లేచాను. కూర్చోవడానికి తీరిక లేదన్నా. మన కంది పూత మీద ఉంది.

సౌందర్య